పోర్ట్ బ్లెయిర్ ముందున్న రాస్ దీవి: గంటలో చూసి వచ్చేయొచ్చా? అసలు అక్కడ ఏముంది?

బొబ్బిలి వీణ

అందరికీ నమస్కారం. డిసెంబరు మూడో వారంలో అండమాన్ వెళ్తున్నాం. నేను, మావారు, అయిదో తరగతి చదివే బాబు, మా అత్తగారు. విశాఖ నుంచి ఓడలో వెళ్దామని మావారికి సరదా. అత్తయ్యగారికి ఓడ ప్రయాణం పడదని విమానం టికెట్లే తీశాం.

ప్యాకేజీ వాళ్ళు ఇచ్చిన కాగితంలో ఒక పూటకి "రాస్ ఐలాండ్, నార్త్ బే" అని రాశారు. రాస్‌లో గంట, మిగతా టైమంతా నార్త్ బేలో. మా బాబుకి స్కూల్లో "మనుషులు వదిలేసిన ఊరు" అని ప్రాజెక్టు ఇచ్చారు. వాడు రాస్ దీవిని ఎంచుకున్నాడు. వీడియోలు చూస్తే అన్నిట్లో ఒకటే పాట: తూర్పు పారిస్ అట, భూకంపం వచ్చిందట, బ్రిటిష్ వాళ్ళు వదిలేసి పోయారట, ఇప్పుడు జింకలూ నెమళ్ళూ తిరుగుతున్నాయట. ఇంతేనా?

ఆ దీవి ఎంత ఉంటుంది? నిజంగా ఎవరూ ఉండరా? గంట సరిపోతుందా? జింకలకి పెట్టడానికి ఏం పట్టుకెళ్ళాలి అని వాడు రోజూ ప్రాణం తీస్తున్నాడు. ఇంకో డౌటు: ఒక చోట రెండు దీవుల మధ్య తెల్లటి ఇసుక దారి ఉన్న ఫొటో పెట్టి రాస్ అని రాశారు. మేం వెళ్ళేది అక్కడికేనా?

ట్రిప్ టైగర్

గంట చాలు మేడమ్, అది కూడా ఎక్కువే. పాత గోడలు, వాటి మీద చెట్ల వేళ్ళు, జింకలతో సెల్ఫీ, ఒక కొబ్బరి బొండం, అయిపోయింది. నార్త్ బేలో గ్లాస్ బోటు, స్కూబా ఉన్నాయి. టైమ్ అక్కడ పెట్టండి. పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ కూడా ఆ నార్త్ బే వైపుదే, బాబుకి చూపించండి.

జంగ్లీఘాట్ అప్పన్న

అమ్మా, ముందు ఆ ఫొటో సంగతి. ఇసుక దారి ఉన్నది రాస్, స్మిత్ అనే జంట దీవులు. అవి ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ దగ్గర ఉంటాయి, ఏరియల్ బే నుంచి పడవెక్కాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద వెళ్తే పగలంతా అక్కడికే సరి. మీరు వెళ్ళేది మా రేవు ముందున్న రాస్. 2018 డిసెంబరు 30న దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు మార్చారు. 2024లో మా ఊరు కూడా శ్రీ విజయపురం అయింది. బోర్డుల మీద కొత్త పేర్లున్నా జెట్టీలో ఎవరిని అడిగినా రాస్ అంటేనే దారి చూపిస్తారు.

నేను ఇక్కడే పుట్టాను. మా నాయన కళింగపట్నం దగ్గర పల్లె నుంచి ఓడెక్కి చేపల వేటకి వచ్చినవాడు. ఇప్పటికీ పొద్దున్నే జంగ్లీఘాట్ చేపల రేవుకి వెళ్తే సిక్కోలు యాస వినబడుతుంది. మీకు ఇంటి దగ్గర ఉన్నట్టే ఉంటుంది. నేను రేవు ఫెర్రీల మీద లస్కరుగా, అంటే పడవ పనివాడిగా చేరి, పడవ నడిపే సరంగుగా రిటైరయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రాస్ నా కళ్ళ ముందే ఉంది. అందుకని "గంట కూడా ఎక్కువే" అనే మాట వింటే ఊరుకోలేక రాస్తున్నాను. టైగర్ గారు ఏమీ అనుకోవద్దు.

దీవి చాలా చిన్నది. చదరపు కిలోమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఊళ్ళోని అబర్డీన్ జెట్టీ నుంచి పడవలో పది పదిహేను నిమిషాలు. మా రేవు తూర్పుకి తెరుచుకుంటుంది. ఆ గుమ్మంలో పీట వేసినట్టు ఉంటుంది రాస్. ఓడలు దానికి ఉత్తరం పక్క నుంచి తిరిగి లోపలికి వస్తాయి. లోపల చాథం దీవి, ఇంకా లోపలికి వెళ్తే వైపర్ దీవి. రాస్‌కి పడమటి పక్క, అంటే ఊరి వైపు, నీళ్ళు చెరువులా నిలిచి ఉంటాయి, జెట్టీ అక్కడే. తూర్పు పక్క రాళ్ళు, నేరుగా అండమాన్ సముద్రం. జెట్టీ దగ్గర దిగినవాళ్ళలో చాలామంది ఆ తూర్పు పక్కకి వెళ్ళకుండానే వెనక్కి వచ్చేస్తారు. దీవిని అర్థం చేసుకోవాలంటే రెండు పక్కలా నిలబడి చూడాలి. ఎత్తు ఉత్తరం కొస వైపు. అండమాన్‌ని ఏలిన పెద్ద దొర (చీఫ్ కమిషనర్) బంగళా అక్కడే కట్టారు, రెండు వైపులా గాలి, రేవులోకి వచ్చే ప్రతి ఓడా కనబడుతుంది.

ఇక చరిత్ర. గైడ్లు చెప్పేది బ్రెడ్డు ఫ్యాక్టరీ, డాన్సు హాలు, టెన్నిస్ కోర్టు, ఈత కొలను. అవన్నీ ఉన్న మాట నిజమే. కానీ కథ అక్కడ మొదలుపెడితే తిరగబడిపోతుంది. మీ బాబుని కాస్త ముందు నుంచి మొదలుపెట్టమనండి.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాదళ సర్వేయరు మా రేవులో చాథం దీవి మీద మొదటి వలస పెట్టాడు. మూడేళ్ళకి దాన్ని ఉత్తరాన ఇంకో రేవుకి మార్చారు. అక్కడ జ్వరాలతో జనం చచ్చిపోతుంటే 1796లో మూసేశారు. ఆ తర్వాత అరవై ఏళ్ళు ఈ వైపు ఎవరూ చూడలేదు. 1857 తిరుగుబాటు అయ్యాక వేలమంది ఖైదీలని ఎక్కడ పెట్టాలో తెలియక బ్రిటిష్ వాళ్ళకి అండమాన్ గుర్తొచ్చింది. 1858 మార్చి 10న జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే డాక్టరు 200 మంది ఖైదీలతో దిగాడు. అంతకు ముందు ఆగ్రా జైలు సూపరింటెండెంటుగా చేసినవాడు. మొదట చాథంలో దిగారు గానీ అక్కడ తాగడానికి నీళ్ళు చాలలేదు. అలా రాస్ మీదికి వచ్చారు. డేనియల్ రాస్ అనే సముద్ర సర్వేయరు పేరు ఆ దీవికి అప్పటికే ఉంది.

రాస్ మీద అప్పుడు ఉన్నది అడవి. ఆ అడవిని నరికింది ఖైదీలు. వాళ్ళు పడుకోవడానికి గుడారాలు, ఆకుల పాకలు. వానలు మొదలయ్యాక జ్వరాలు, పుళ్ళు. పారిపోయిన వాళ్ళు పారిపోయారు. పట్టుబడిన వాళ్ళలో 80 మందికి పైగా మనుషులని వాకర్ ఒకే రోజు ఉరి తీయించాడు. పై నుంచి మందలింపు వచ్చింది కానీ అప్పటికే పని అయిపోయింది. ఈ సంగతి దీవి మీద ఏ గైడూ మీకు చెప్పడు.

అలా పారిపోయిన వాళ్ళలో దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి ఒకడు. అడవి జనానికి చిక్కి బతికి బయటపడి, వాళ్ళతోనే ఏడాది ఉన్నాడు, వాళ్ళలో పెళ్ళి కూడా చేసుకున్నాడు. 1859 మేలో ఆ అండమానీయులు అబర్డీన్ మీద దాడికి కదులుతుంటే ముందుగా పరుగెత్తుకొచ్చి బ్రిటిష్ వాళ్ళకి కబురు చెప్పేశాడు. విల్లంబులతో వచ్చిన వాళ్ళు తుపాకుల ముందు ఏం నిలబడతారు? తివారీకి క్షమాభిక్ష దొరికింది. ఊళ్ళో ఆ యుద్ధానికి స్మారకం ఉంది, మీరు పడవెక్కే చోటుకి పక్కనే. చూసి వెళ్ళండి.

1863లో రాస్ మీదే "అండమాన్ హోమ్" అని ఒకటి పెట్టారు. హెన్రీ కోర్బిన్ అనే పాదిరీ నడిపాడు. అడవి జనాన్ని తెచ్చి అక్కడ పెట్టి బట్టలు తొడిగి, ఇంగ్లీషు నేర్పి మచ్చిక చేయడం దాని ఉద్దేశం. వాళ్ళకి నిజంగా అంటినవి మన రోగాలు. సుఖవ్యాధులు, తర్వాత 1877లో తట్టు. వేలల్లో ఉండే ఆ తెగలవాళ్ళు, అంటే గ్రేట్ అండమానీయులు, ఇవాళ వంద లోపు మిగిలారు. రాస్‌ని "మనుషులు వదిలేసిన ఊరు" అని బాబు రాస్తే, ఆ ఊరు పెట్టక ముందు ఈ రేవు ఎవరిదో కూడా ఒక పేజీ రాయాలి కదా.

బేకరీ, ప్రెస్సు, ఆసుపత్రి, చర్చిలు, బ్యారక్‌లు, క్లబ్బులు, ఫర్జంద్ అలీ కొట్టు, ఇవన్నీ ఆ తర్వాత వచ్చాయి. అండమాన్ మొత్తానికి రాజధాని ఆ చిటికెడు దీవే. ప్రెస్బిటీరియన్ చర్చి గోడలు రాతివి, ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. దాని దగ్గర పది నిమిషాలు ఆగండి. అక్కడికి వెళ్ళే ముందు ఒక పని చేయండి. సెల్యులర్ జైలు చూసేటప్పుడు డాబా మీద నుంచి తూర్పుకి చూడండి. రాస్ ఎదురుగా ఉంటుంది, రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. 1896 నుంచి 1906 దాకా ఆ జైలు కట్టారు. ఇవతల ఒంటరి కొట్లు, అవతల డాన్సు హాలు. పారిస్ అని ముద్దుపేరు పెట్టిన వాళ్ళకి ఆ నీళ్ళు అడ్డమొచ్చి ఇటు వైపు కనబడలేదేమో.

ఇప్పుడు భూకంపం సంగతి. 1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చిన మాట వాస్తవం. రాస్ మీద చాలా కట్టడాలు దెబ్బతిన్నాయి, సెల్యులర్ జైలుకి కూడా దెబ్బ తగిలింది. దాంతో కార్యాలయాలు ఊళ్ళోకి మారాయి. 1942 మార్చి 23న జపాన్ వాళ్ళు దిగారు. రాస్ జెట్టీ దిగగానే కనబడే కాంక్రీటు బంకరు వాళ్ళదే. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. 1945 అక్టోబరులో బ్రిటిష్ వాళ్ళు తిరిగి వచ్చారు. కానీ రాస్‌కి మాత్రం తిరిగి వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదు? నా లెక్కలో భూకంపం సాకు మాత్రమే. కూలిన గోడలు కట్టుకోవడం వాళ్ళకి పెద్ద పని కాదు. రాస్ అవసరమే పోయింది. అక్కడ రాజధాని పెట్టింది మూడు భయాలతో: ఖైదీలు తిరగబడతారని, అడవి జనం వస్తారని, సముద్రం మీద నుంచి శత్రువు వస్తాడని. 1945కి ఖైదీల వలసనే రద్దు చేశారు. రాజకీయ ఖైదీలని 1937, 38లోనే వెనక్కి పంపేశారు. ఈ రేవు చుట్టూ ఉన్న అడవి జనాన్ని అప్పటికే దాదాపు తుడిచిపెట్టేశారు. జపాన్ వాళ్ళు రావడం చూశాక దీవి మీద కూర్చుంటే శత్రువు ఆగడని కూడా తెలిసిపోయింది. ఇంక ఉప్పు నుంచి బొగ్గు దాకా ప్రతిదీ పడవ మీద మోసుకుంటూ అక్కడ ఎందుకుండాలి? ఫెర్రీ నడిపినవాడిగా చెప్తున్నాను, నీళ్ళు దాటించే ప్రతి మూటకీ ఖర్చుంటుంది. పని ఉన్నంత కాలమే దీవి మీద ఊరు ఉంటుంది.

తర్వాత తలుపులు, కిటికీలు, ఇటుకలు ఎవరికి దొరికినవి వాళ్ళు ఊళ్ళోకి తెచ్చేసుకున్నారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. 1979 ఏప్రిల్‌లో దీవిని నేవీకి అప్పగించారు. ఇప్పుడు పగలు నేవీ వాళ్ళు, పని చేసేవాళ్ళు, యాత్రికులు కనిపిస్తారు. కాపురం ఉండే కుటుంబం ఒక్కటీ లేదు. స్మృతిక అని చిన్న మ్యూజియం ఉంది, పాత ఫొటోలు బాగుంటాయి, బాబు ప్రాజెక్టుకి అదే ఆధారం. మొదట అందులోకి వెళ్ళి పాత ఫొటోలు చూసి, తర్వాత శిథిలాల దగ్గరికి వెళ్తే ఏ గోడ ఏమిటో తెలుస్తుంది.

గంట చాలదు. రెండున్నర గంటలు పెట్టుకోండి.

పిట్టల దారి

అప్పన్న గారు చరిత్ర చెప్పేశారు కాబట్టి నేను జీవాల సంగతే చెప్తాను. వీణ గారూ, జింకలకి ఏమీ పట్టుకెళ్ళకండి. దయచేసి. బిస్కెట్లు, చిప్స్ తినీ తినీ అవి మనిషి చేతిలో కవరు చూస్తే చాలు మీదికి వచ్చేస్తున్నాయి. ప్లాస్టిక్ కూడా నమిలేస్తాయి.

అసలు ఆ చుక్కల దుప్పి అండమాన్‌ది కాదు. బ్రిటిష్ వాళ్ళు వేటాడుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మెయిన్‌ల్యాండ్ నుంచి తెచ్చి వదిలారు. అండమాన్ అడవుల్లో పులి లేదు, చిరుత లేదు. నేల మీద తిరిగే పెద్ద జంతువు అంటే అడవి పంది ఒక్కటే. వేటాడేది ఏదీ లేకపోవడంతో దుప్పులు పెరిగిపోయాయి, ఈత కొడుతూ ఒక దీవి నుంచి ఇంకో దీవికి పాకాయి. మేత మేసే జంతువు లేకుండా పెరిగిన అడవి అది. మొలకలు పైకి లేచే లోపే తినేస్తుంటే కింద పొదలు పోతాయి, ఆ పొదల్లో బతికే బల్లులూ తొండలూ తగ్గిపోతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉండే జంతువు అక్కడ చేస్తున్నది నష్టమే. రాస్ లాంటి చిన్న చోట ఇది ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది: చెట్ల కింద నేల ఎంత ఖాళీగా ఉందో బాబుని గమనించమనండి. నడిచిన దారి పక్కన చిన్న మొక్కలు ఏమైనా ఉన్నాయా అని వెతకమనండి.

నెమళ్ళు కూడా తెచ్చి వదిలినవే. అక్కడక్కడా పెద్ద గుల్ల నత్త కనిపిస్తే అది ఆఫ్రికా నత్త. జపాన్ వాళ్ళు యుద్ధ కాలంలో తెచ్చారు, ఇవాళ అండమాన్ తోటలన్నిటికీ అదే తలనొప్పి. ఫొటోలో పడేవన్నీ ఇలా ఎవరో ఒకరు పడవలో తెచ్చినవే, ఆఖరికి కొబ్బరి తోటలు కూడా మనుషులు వేసినవే.

మరి అక్కడి సొంత జీవాలు ఏవి అంటే, తల ఎత్తి చూడాలి. తెల్ల పొట్ట సముద్రపు గద్ద రేవు మీద గిరికీలు కొడుతుంటుంది, రెక్కలు చాపితే రెండు మీటర్లు. తెల్ల మెడ పట్టీ ఉన్న నీలం లకుముకి పిట్ట రాళ్ళ మీద కూర్చుని అరుస్తుంటుంది. తూర్పు పక్క రాళ్ళ దగ్గర నల్లగా బూడిద రంగులో ఒక కొంగ ఒంటరిగా నిలబడి ఉంటే అది సముద్రపు కొంగ. అదే జాతిలో తెల్లవి కూడా ఉంటాయి, రెండూ పక్కపక్కనే కనబడితే రెండు జాతులనుకోకండి. పొడవు తోక రామచిలుకలు గుంపులుగా వెళ్తాయి. అండమాన్ నికోబార్‌లో మాత్రమే దొరికే తెల్ల తల గోరింక కనిపిస్తే అదృష్టం. జెట్టీ చుట్టూ రివ్వున తిరిగే బుల్లి నల్ల పిట్టలని చూడండి, వాటి గూళ్ళు గోడకి అంటుకునేది వాటి ఉమ్మితోనే.

ఇంక ఆ గోడల మీది వేళ్ళు. అవి మర్రి, జువ్వి జాతి చెట్లవి. పండు తిన్న పిట్ట గోడ పగులులో రెట్ట వేస్తే, అందులో గింజ మొలుస్తుంది. గోడలో నిలిచే తేమతో బతుకుతూ వేరు కిందికి దిగుతుంది. నేల తాకాక లావెక్కి ఇటుకలని విడదీస్తుంది. ఇప్పుడు తమాషా ఏమిటంటే చాలా గోడలని నిలబెట్టింది కూడా ఆ వేళ్ళే. చెట్టు కొట్టేస్తే గోడ కూడా కింద పడుతుంది. అందుకని వేళ్ళ మీదికెక్కి ఫొటోలు వద్దు.

కోఠి పాతపుస్తకాలు

చాలా మంచి చర్చ. మా హైదరాబాదుకి ఈ కథతో ఒక లంకె ఉంది, బాబు ప్రాజెక్టులో వేసుకోవచ్చు. 1857 జులై 17న కోఠిలో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి జనంతో దాడి చేశారు. ఆ భవనమే తర్వాత కోఠి మహిళా కళాశాల. తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత చంపేశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌కి యావజ్జీవ ప్రవాస శిక్ష వేసి 1859లో అండమాన్ పంపారు. ఆయన తిరిగి రాలేదు, అక్కడే పోయారు. అందరూ కాలాపానీ అంటే సెల్యులర్ జైలే అనుకుంటారు. ఆయన వెళ్ళినప్పటికి ఆ జైలు పునాదికి ఇంకా ముప్పై ఏడేళ్ళుంది. అంటే అప్పన్న గారు చెప్పిన ఆ గుడారాల కాలం ఆయనది.

ఆంధ్ర వైపు నుంచి అయితే అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర. రంపా పోరాటంలో పట్టుబడి అండమాన్ జైల్లో ఉన్నారు. బతికి వెనక్కొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. ఆయనది జైలు కథే, రాస్ కథ కాదు. అయినా జైలు డాబా మీద నిలబడినప్పుడు తలుచుకోవాల్సిన మనిషి.

ఒక్క విషయంలో అప్పన్న గారితో నేను ఏకీభవించను. భూకంపం సాకు అనడం కొంచెం ఎక్కువేమో. దీవిలో కొంత భాగం కుంగిందని, నేల పగుళ్ళిచ్చిందని చాలా చోట్ల చదివాను. అలాంటి చోట మళ్ళీ ఊరు కట్టుకోవడానికి ఎవరికైనా భయమే కదా.

జంగ్లీఘాట్ అప్పన్న

కోఠి గారూ, మౌల్వీ గారి సంగతి చెప్పి మంచి పని చేశారు. మా ఊళ్ళో ఆ కాలం ఖైదీల పిల్లలు, మనవలు ఉన్నారు. వాళ్ళని లోకల్ బార్న్ అంటారు. ఏ కులమో, ఏ రాష్ట్రమో కలగలిసిపోయి హిందుస్తానీ మాట్లాడతారు. ఆ మొదటి రోజుల్లో వచ్చినవాళ్ళకి చాలామందికి సమాధి కూడా లేదు. రాస్ మీద సమాధుల తోట ఉంది, అది దొరల కుటుంబాలది. చిన్న పిల్లల సమాధులు కూడా ఉన్నాయి. జ్వరాలకి దొరలేమీ అతీతులు కారు.

భూకంపం గురించి: భయం ఉండే ఉంటుంది, కాదనను. కానీ భూమి కుంగడమే కారణమైతే మా ఊరు ఎప్పుడో ఖాళీ కావాలి. 2004 డిసెంబరు 26న దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కిందికి దిగింది. సిప్పీఘాట్ వైపు వరి పొలాల్లోకి సముద్రం వచ్చి అక్కడే ఉండిపోయింది. అయినా ఎవరూ పోర్ట్ బ్లెయిర్‌ని వదల్లేదు, ఎందుకంటే ఇక్కడ బతుకులున్నాయి. రాస్ మీద అప్పటికే ఉద్యోగాలు తప్ప బతుకుల్లేవు. నా వాదన అదే, మీరు ఒప్పుకోకపోయినా పరవాలేదు.

సునామీ నాడు రాస్ అడ్డం నిలబడి అలల ఉధృతం తగ్గించిందని ఊళ్ళో అందరూ నమ్ముతారు. అయినా అబర్డీన్ వైపు జెట్టీలకి దెబ్బ తగిలింది. కాబట్టి అంతా రాస్ కాపాడింది అని నేను అనను. దీవి లేకపోతే ఇంకా ఎంత వచ్చేదో అని మాత్రం అనుకుంటాం.

పిట్టల దారి గారు జింకల గురించి రాసినది ఊళ్ళో అందరికీ నచ్చదు. జింకల్ని సాకినవాళ్ళు, వాటికి దెబ్బ తగిలితే మందు రాసినవాళ్ళు ఉన్నారు. నాకూ వాటిని చూస్తే ముద్దే. కానీ చిప్స్ పెట్టొద్దు అనే మాటకి నాది కూడా ఓటు.

బొబ్బిలి వీణ

అప్పన్న గారూ, పిట్టల దారి గారూ, కోఠి గారూ, ఎంతో ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్. మావాడు అంతా చదివించుకుని విన్నాడు. జింకలకి ఏమీ పెట్టకూడదు అంటే మొదట ముఖం మాడ్చాడు. తర్వాత "అయితే నేల మీద మొక్కలు లెక్కపెడతా" అన్నాడు. ప్రాజెక్టు పేరు కూడా మార్చేశాడు, "రాస్ దీవికి ఎవరెవరు వచ్చారు" అని. టీచరుగారు ఒప్పుకుంటారో లేదో.

ప్యాకేజీ వాళ్ళకి ఫోన్ చేసి రాస్‌లో రెండున్నర గంటలు కావాలంటే కుదరదన్నారు, పడవ ఆగదట. ఏం చేయమంటారు? మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ ఎత్తు ఎక్కగలరా? ఆవిడని జెట్టీ దగ్గర కూర్చోబెడితే టెన్షన్ నాకు.

జంగ్లీఘాట్ అప్పన్న

ఆ పూట ప్యాకేజీ వదిలేయండి అమ్మా. అబర్డీన్ జెట్టీ దగ్గర వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. అక్కడి కౌంటర్లో రాస్‌కి మాత్రమే టికెట్ అడగండి. మొదటి పడవకి వెళ్ళండి, గుంపులు వచ్చే లోపు దీవి సగం మీదే. ఏ పడవలో తిరిగి రావాలో ఎక్కేటప్పుడే సరంగుని అడిగి ఖాయం చేసుకోండి. బుధవారం పెట్టుకోవద్దు, యాత్రికులకి సెలవు. గుర్తింపు కార్డులు అందరివీ ఉండాలి, బాబుది కూడా.

డిసెంబరులో మాకు సాయంత్రం అయిదుకే సూర్యుడు దిగిపోతాడు. మధ్యాహ్నం తర్వాత చూద్దాంలే అనుకుంటే చీకటి పడిపోతుంది. ఈశాన్య గాలి గట్టిగా ఉన్న రోజు పడవలు ఆపేస్తారు, కాబట్టి మీరు ఊళ్ళో ఉండే రోజుల్లో మొదటి రోజే రాస్ పెట్టుకోండి. ఆ రోజు కాకపోతే మిగతా రోజులుంటాయి.

అత్తయ్యగారికి బ్యాటరీ బండ్లు ఉంటాయి. జెట్టీ దిగగానే కుడి ఎడమ చూడకుండా ముందు దానికి టికెట్ తీసుకోండి, తర్వాత దొరకవు. బండి చర్చి దాకా, పైన శిథిలాల దాకా తీసుకెళ్తుంది. తూర్పు పక్క రాళ్ళ దగ్గరికి మాత్రం మెట్లు దిగాలి, అక్కడికి ఆవిడని తీసుకెళ్ళొద్దు, వానకి జారుతుంది. ఆవిడని చర్చి దగ్గర నీడలో కూర్చోబెట్టి మీరు ముగ్గురూ వెళ్ళి రండి. ఒక నీళ్ళ సీసా, గొడుగు ఇచ్చి వెళ్ళండి. తినేవి ఏవీ ఆవిడ చేతిలో పెట్టొద్దు, జింకలు ఊరుకోవు.